తీసేసిన గొంతులు

ఆసుపత్రి, ఎక్స్-రే గది బయటి బల్ల
జూన్ 9

మరదలు పిల్లకి,

వదిన రాసేది. ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరమేమిటని కళ్ళు పెద్దవి చేయకు. మా ఇంట్లో రహస్యమన్నది దాగదు. నువ్వు ఫోన్ చేస్తే మీ కంపెనీ పెట్టెలోంచి నీ గొంతు గదంతా వినబడుతుంది. నా ఫోనుకి మెసేజ్ పంపినా అది మీ అన్నయ్య ముందే గట్టిగా చదివి పెడుతుంది. ఆయన గురించి ఆయన చెవిన పడకుండా నీతో నాలుగు మాటలు చెప్పుకోవాలంటే నాకు మిగిలింది ఈ బల్లా, ఈ పెన్నూ. నువ్వు కూడా ఆసుపత్రి చిరునామాకే రాయి.

నేను మళ్ళీ డ్యూటీలో చేరి పది రోజులయింది. మీ అన్నయ్య క్రేన్ నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి రెండేళ్ళు నా కుర్చీ ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టింది మా డాక్టరమ్మ. ఈ ఏడాది చివరిదాకా నాగాలు లేకుండా వస్తేనే అది నాది, లేకపోతే ఇంకొకరిది. అంటే రోజూ తొమ్మిదిన్నర నుంచి రెండున్నర దాకా, మెడ కింద ఏదీ కదలని మనిషి ఇంట్లో ఒంటరిగా ఉండగలగాలి. పన్నెండున్నరకి పక్కింటి పిన్నిగారు రెండో తాళంచెవితో వచ్చి అన్నం తినిపించి వెళ్తుంది. మిగతా సమయమంతా ఆయనా, నోటిమాట విని ఫ్యానూ, మంచమూ, ఫోనూ నడుపుతుందని నువ్వు పంపిన ఆ పెట్టే.

ఆ పెట్టెకి నేను దొరసాని అని పేరు పెట్టాను. మామూలుగా పిలిస్తే పలకదు. ‘దయచేసి ఫ్యాను వేగం కొంచెం పెంచండి’ అని సభలో మాట్లాడినట్టు మాట్లాడితేనే ఆవిడకి చెవికెక్కుతుంది. మొన్న పొద్దున్న ఎనిమిదింటికి శుభరాత్రి చెప్పింది. బయట మంచు కురుస్తోందట, కోటు వేసుకోమంది. నేను చెమట తుడుచుకుంటూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను అప్పుడు.

నవ్వులాటకి రాయడం లేదు. ఆవిడ సరిగ్గా వినకపోతే నేను ఉద్యోగమైనా మానాలి, లేదా మీ అన్నయ్యని ఊరి చివర ఉన్న సంరక్షణ కేంద్రంలోనైనా పెట్టాలి. రెండూ నాకు వద్దు. నువ్వు అక్కడే కదా పనిచేసేది, మన భాష చూసేదానివి నువ్వే కదా. నాకు తోచినట్టు నేను చేస్తున్నాను, నీ చేతిలో ఉన్నది నువ్వు చెయ్యి.

నీ వదిన


ఆఫీసు, నాలుగో అంతస్తు
జూన్ 17

వదినమ్మకి,

నీ ఉత్తరం క్యాంటీన్లో చదువుతూ ఒక్కదాన్నే పకపకా నవ్వాను. పక్క బల్లవాళ్ళు నన్ను అదోలా చూశారు. దొరసాని అన్న పేరు మా జట్టంతా పట్టేసుకుంది.

మంచు సంగతి చెప్తాను. సెట్టింగుల్లో భాషల పట్టీ ఒకటి, ప్రాంతాల పట్టీ ఒకటి ఉంటాయి. భాషల్లో మనది ఉంది. ప్రాంతాల్లో మన ప్రాంతం లేదు. మంచం ఎత్తడం, దించడం లాంటి సౌకర్యాలు కొన్ని దేశాలకే ఇచ్చారు. అందుకని పోయినసారి వచ్చినప్పుడు నేనే దక్షిణాన, జూన్‌లో చలికాలం ఉండే ఏదో దేశం ఎంచి పెట్టాను. మన భాష, వాళ్ళ వాతావరణం. ప్రస్తుతానికి అంతకన్నా దారి లేదు. గడియారం ఎలా మార్చాలో వెనక పేజీలో బొమ్మ గీశాను.

మాటల విషయంలో మాత్రం తప్పు పూర్తిగా పెట్టెది కాదు వదినా. అన్నయ్యని కాస్త స్పష్టంగా, పూర్తి వాక్యం, మధ్యలో ఆగకుండా చెప్పమను. రెండు సెకన్లు ఆగితే అది మాట అయిపోయిందనుకుంటుంది. దగ్గినా, గొణిగినా దానికి కష్టం. మేము దీనికి మన భాష నేర్పడానికి రెండేళ్ళు పట్టింది. అరవై వేల వాక్యాలు పోగుచేశాం. ఒక్కదాంట్లోనూ దగ్గు ఉండదు, తడబాటు ఉండదు. అంత శుభ్రమైన రికార్డింగులు ఇంకే భాషవాళ్ళ దగ్గరా లేవని మా మేనేజరే అన్నాడు. నాకెంత గర్వంగా ఉందో తెలుసా!

అన్నయ్యకి చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువ. నువ్వే నేర్పాలి.

నీ మరదలు


ఇల్లు, వంటగది
జూలై 6

మరదలు పిల్లకి,

నీ బొమ్మ చూసి గడియారం మార్చాను. ఇప్పుడు పొద్దున్నే శుభోదయం అంటోంది. అది ఒక్కటీ బాగుపడింది.

పూర్తి వాక్యం, మధ్యలో ఆగకుండా అన్నావు. నువ్వు చూసి ఏడు నెలలయింది కాబట్టి చెప్తున్నాను, మీ అన్నయ్యకి ఇప్పుడు ఒక ఊపిరికి మూడు మాటలు వస్తాయి. బాగున్న రోజు నాలుగు. మూడు అని ఆగి, ఊపిరి తెచ్చుకుని, మళ్ళీ మూడు. నువ్వు చెప్పినట్టే ప్రయత్నించాడు. ‘దయచేసి ఫ్యాను వేగం’ అనేసరికి ఊపిరి అయిపోయింది. ఆవిడేమో ‘ఫ్యాను గురించి మీరేం తెలుసుకోవాలనుకుంటున్నారు’ అని ఉపన్యాసం మొదలెట్టింది. నాలుగోసారి ఇక ఆయన నోటిని పట్టలేకపోయాం. నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఉయ్యాల్లోంచి కింద పడెయ్యాల్సింది అన్నాడు. అది కూడా మూడు ఊపిర్లలో.

పైగా ఆయన మాట్లాడే తీరే అది కదా. పద్దెనిమిదేళ్ళు అంత ఎత్తున గాజు గదిలో కూర్చుని కింద వాళ్ళతో వాకీటాకీలో మాట్లాడిన మనిషి. ఎత్తు. ఇంకాస్త. ఆపు. అంతే వాళ్ళ భాష. తలమీద రెండు టన్నుల ఇనుము వేలాడుతుంటే దయచేసి అని ఎవరంటారు?

ఈ వారం డ్యూటీకి వెళ్ళడం లేదు. సెలవు పెట్టాను. కారణమేం లేదు, ఊరికే.

పిన్నిగారు నిన్ను అడిగానని చెప్పమంది.

వదిన


ఆఫీసు
జూలై 15

వదినా,

ఊరికే సెలవు పెట్టే మనిషివా నువ్వు? నీ పెళ్ళి రోజున కూడా పొద్దున్న రెండు ఎక్స్-రేలు తీసి వచ్చినదానివి. ఈ ఏడాది ఒక్క నాగా కూడా ఉండకూడదని నువ్వే రాశావు. ఏం జరిగింది? అన్నయ్యని ఫోన్లో అడిగితే ‘బాగానే ఉన్నా’ అన్నాడు. వెంటనే మాట మార్చి నా జుట్టు గురించి అడిగాడు. అన్నయ్య నా జుట్టు గురించి ఎప్పుడడిగాడు? నిజం రాయి.

సరే, నేనూ ఒకటి దాచాను. ముందు నేనే చెప్పేస్తాను. డిసెంబరుతో మన భాషని ఆపేద్దామనుకుంటున్నారు. నవంబరులో సమీక్ష. ఇళ్ళల్లో వాడి చూసిన పరీక్షలో వందకి ఎనభై ఐదు మాటలు అర్థం కావాలి. మనకి డెబ్బై ఒకటి వచ్చింది. ఇంత శుభ్రంగా నేర్పిన భాషకి డెబ్బై ఒకటేమిటో నాకు బుర్రకెక్కడం లేదు. మేనేజర్ నెమ్మదిగా, చాలా మర్యాదగా అన్నాడు: “బాధపడకండి. మీవాళ్ళు ఎలాగూ ఇంగ్లీషులో అడిగేస్తారు కదా.”

మా అన్నయ్య అడగలేడు అని నోటిదాకా వచ్చింది. అనలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. చేయగలిగిందంతా చేశాను వదినా. ఇంకేం చేయాలో తోచడం లేదు.

నీ మరదలు


ఆసుపత్రి, ఎక్స్-రే గది బయటి బల్ల
జూలై 22

అమ్మాయికి,

నీకు చెప్పనని మీ అన్నయ్యకి మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను.

జూన్ ఆఖరి మంగళవారం. పదకొండున్నరకి తలవైపు మంచం ఎత్తమని దొరసానితో అన్నాడు. ఎత్తడం మొదలెట్టింది. చాలు అన్నాడు. ఆగలేదు. నిలువునా కూర్చోబెట్టేసింది. నడుం నిలవని మనిషి కదా, పక్కకి ఒరిగిపోయాడు. గడ్డం ఛాతీకి ఆనుకుపోయింది. ఉన్న ఊపిరి కూడా సగమైంది. దించు అన్నాడు. ‘క్షమించండి, నాకు అర్థం కాలేదు, దయచేసి పూర్తిగా చెప్పండి’ అంది. పిన్నిగారు ఆ రోజే కూతుర్ని డాక్టరుకి చూపించడానికి వెళ్ళి ఒంటిగంట నలభైకి వచ్చింది. వచ్చి చూసి కెవ్వుమంది. రెండు గంటల పది నిమిషాలు అలాగే ఉన్నాడు.

ఆ పెట్టె అన్నీ దాచుకుంటుందట కదా. ఒక్కొక్కటీ నొక్కితే ఆయన గొంతు మళ్ళీ వినబడుతుంది. మర్నాడు స్నానాల గదిలో కూర్చుని అన్నీ విన్నాను. తొంభై ఒక్కసారి క్షమించమంది. మొదట మంచం దించమన్నాడు. తర్వాత నాకు ఫోన్ చేయమన్నాడు. తర్వాత నీకు చేయమన్నాడు. చివర్లో ఉత్తి ఊపిరే ఉంది. దానికి కూడా దయచేసి పూర్తిగా చెప్పండనే అంది.

నాకు భయం వేసింది. నీ మీద కోపం వచ్చింది. నీ శుభ్రమైన అరవై వేల వాక్యాలనీ, నిన్నూ కలిపి తిట్టుకున్నాను. ఇందులో నీ తప్పేముందని తర్వాత అనుకున్నాను గానీ, ముందైతే తిట్టాను. దాచడం ఎందుకు?

ఇప్పుడు ఆయన కొత్త పాట అందుకున్నాడు. నన్ను ఆ కేంద్రంలో చేర్పించు, నువ్వు ఉద్యోగం చేసుకో అంటాడు. శాంతంగా అంటాడు, అదే నాకు ఒళ్ళు మండిస్తుంది. అరిచినా బాగుండు. వెళ్ళి చూసి కూడా వచ్చాను. గోడలకి సున్నం వేశారు, పడకలు వరసగా ఉన్నాయి, ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. అక్కడ నేను ఆయన్ని వదలను. రాసిపెట్టుకో. పెట్టె నుంచి మంచానికి, ఫ్యానుకి వెళ్ళే తీగలు పీకించేశాను. నిన్నటి నుంచి మళ్ళీ డ్యూటీకి వస్తున్నాను, ఈ సెలవు ఒక్కసారికి నాగా కింద రాయనంది డాక్టరమ్మ. పిన్నిగారు గంటకోసారి తొంగిచూస్తోంది. ఆవిడ ఎన్నాళ్ళని చూస్తుంది పాపం? ఆవిడ ఇల్లు ఆవిడకి ఉంది.

చేయగలిగిందంతా చేశానని రాశావు. మెట్ల మీంచి లేచి ఇంకోసారి చూడు.

వదిన


నా గది
జూలై 29

వదినా,

మూడు రోజుల నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను, చింపుతున్నాను. తప్పేముందన్నావు కదా. ఉంది. తప్పంతా నాదే.

ఆ రికార్డింగులు ఎలా పోగుచేశామో ఎప్పుడూ చెప్పలేదు నీకు. పరదాలు కట్టిన గది, మంచి కుర్చీ, ముందు మైకు. ఇంట్లో పనివస్తువుతో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి అని చెప్పేవాళ్ళం. వాళ్ళేమో ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని వచ్చేవారు. గొంతు సవరించుకుని, పెళ్ళిచూపుల్లో పలకరించినట్టు మాట్లాడేవారు. ఒకావిడ తన కూతుర్ని నా ముందే గిల్లింది, ఇంటి మాటలు మాట్లాడకు, నలుగురూ వింటారు అని. మన సంగతి తెలుసు కదా, కొత్తవాళ్ళ ముందు మన నోట్లోంచి మన మాట రాదు.

అయినా కొందరు మామూలుగానే మాట్లాడారు. దగ్గారు, ఆగారు, సగంలో మరిచిపోయి నవ్వారు. ఒక ముసలావిడ మైకునే కసిరింది. ఊపిరి తిరగనివాళ్ళు, పళ్ళు లేనివాళ్ళు, పనిలోంచి పరిగెత్తుకొచ్చి రొప్పుతూ కూర్చున్నవాళ్ళు. నా ముందు రెండు బటన్లు ఉండేవి, ఉంచు, తీసెయ్ అని. వాళ్ళందరినీ నేను తీసేశాను. ఇరవై మూడు వేలు. ఒక్కొక్కటీ నా వేలితో.

ఎందుకో కూడా చెప్తాను. మా అంతస్తులో అన్ని భాషలవాళ్ళూ ఒకరి రికార్డింగులు ఒకరు వింటారు. వాళ్ళ ముందు మన భాష మురికిగా వినబడకూడదనుకున్నాను. సిగ్గుపడ్డాను వదినా. మన ఇంట్లో అమ్మ మాట్లాడినట్టు, అన్నయ్య మాట్లాడినట్టు మాట్లాడినవాళ్ళని చూసి సిగ్గుపడ్డాను. దొరసానిని చేసింది నేనే. ఆ మంగళవారం అన్నయ్య మాట దానికి అందలేదంటే, అలాంటి మాట ఒక్కటి కూడా నేను దాని చెవిన పడనివ్వలేదు కాబట్టే.

ఇప్పుడు ఏడుస్తూ కూర్చుంటే నువ్వు ఊరుకోవని తెలుసు. తీసేసినవి ఆగస్టు చివర్లో పూర్తిగా చెరిపేస్తారు. నిన్ననే అన్నిటినీ వెనక్కి లాగాను. ఇచ్చినవాళ్ళు వాడుకోవచ్చని ఒప్పుకున్నవే, అడ్డంకి లేదు. చిక్కల్లా ఒకటే. ప్రతిదానికీ అందులో ఏమన్నారో రాసివ్వాలి. మా టైపిస్టులు రెండు వందలు విని, నూట నలభైకి ‘అస్పష్టం’ అని రాసి చేతులెత్తేశారు.

అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. హోరుగాలిలో, బరబరలాడే వాకీటాకీలో, అరకొర మాట విని పద్దెనిమిదేళ్ళు ఇనుము ఎత్తి దించిన మనిషి. ఒక్కసారి పొరపాటుగా విన్నా కింద ఒకడు పోయేవాడు. ఒక్కసారీ అలా జరగలేదు. వదినా, ఆ చెవులు నాకు కావాలి. దయ చూపించి ఇస్తున్న పని కాదు. ఆఫీసు కాగితం పంపుతున్నాను, ఒప్పుకుంటే నోటితో చెప్తే చాలు, రికార్డు చేసుకుంటారు. ఆయన విని చెప్తే మావాళ్ళు టైపు చేస్తారు.

ఈ ఉత్తరం ఆయనకి మొత్తం చదివి వినిపించు. నా తప్పుతో సహా.

నీ మరదలు


ఇల్లు, ముందు గది
సెప్టెంబరు 14

మరదలు పిల్లకి,

ఈ ఉత్తరం మీ అన్నయ్య పక్కనే కూర్చుని రాస్తున్నాను. ఇక దాచేది ఏముంది?

నీ ఉత్తరం చదివి వినిపించాను. రెండు బటన్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.  తిడతాడేమో, ఏడుస్తాడేమో అనుకుంటూ కూర్చున్నాను. చివరికి, ‘ఎన్ని అన్నది?’ అన్నాడు. ఇరవై మూడు వేలు అన్నాను. ‘ఇంకా కూర్చున్నావేం... హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించు’ అన్నాడు.

అప్పటి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. ఆ చెవులేమిటో తల్లీ! నాకు ఉత్తి గురగుర వినబడేచోట ఆయనకి మొత్తం మాట వినబడుతుంది. ‘నీళ్ళ మోటారు... ఆపమంటోంది... పిల్లాణ్ణి... ఎత్తుకుని ఉంది’ అంటాడు. పిల్లాడి సంగతి నీకెలా తెలుసు అంటే, మాట ఊగుతోంది కదా అంటాడు. ఒక పెద్దాయన ఊపిరి విని ఈయనకి ఉబ్బసం ఉంది అన్నాడు. ఛాతీ ఎక్స్-రేలు తీసేది నేనా, ఈయనా? మైకుని కసిరిన ముసలావిడ ఉంది చూడు, ఆవిడది ఏడుసార్లు పెట్టించుకుని విన్నాడు. నవ్వితే ఊపిరాడదు, అయినా నవ్వాడు. రెండేళ్ళ తర్వాత ఆయన నవ్వు విన్నాను.

అంతా పూలపాన్పనుకోకు. ఆగస్టులో పదకొండు రోజులు ఛాతీలో కఫం పట్టి జ్వరంతో పడుకున్నాడు. నేను చెవులకి తగిలించనన్నాను. పెద్ద గొడవైంది. ‘వాళ్ళకి ఎవరూ... సమాధానం చెప్పలేదు... నాకు తెలుసు అదెలా ఉంటుందో’ అన్నాడు.  రోజుకి వంద చొప్పున వినమని ఒప్పుకున్నాను. దొంగచాటుగా పిన్నిగారి చేత ఇంకో వంద పెట్టించుకున్నాడని తర్వాత తెలిసింది. ఇద్దరికీ గడ్డి పెట్టాను.

కేంద్రం ఊసెత్తడం మానేశాడు. మీ టైపిస్టులకి మాత్రం మీ అన్నయ్య సలామ్ చెప్పమన్నాడు. ‘అస్పష్టం’ అన్న మాట ఇంకోసారి రాస్తే వేళ్ళు విరగ్గొడతానన్నాడు.

ఇప్పటికి తొమ్మిది వేలు అయ్యాయి. అన్నీ కావని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నవంబరులోపు ఎన్ని అయితే అన్ని. నీ మీద కోపం పోయిందా అని అడుగుదామనుకుంటున్నావు కదా? నాది పోయింది. ఆయనకి అసలు రాలేదట. చెల్లెలివి కదా, నీకన్నీ చెల్లుతాయి.

వదిన


ఆఫీసు
నవంబరు 20

వదినకి, అన్నయ్యకి,

నిన్న సమీక్ష అయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

ఎనభై మూడు వచ్చింది. డెబ్బై ఒకటి నుంచి ఎనభై మూడు. కావాల్సింది ఎనభై ఐదు.  మేనేజర్ ఎప్పటిలాగే మర్యాదగా, ‘చాలా మంచి ప్రయత్నం, కానీ నియమం నియమమే’ అన్నాడు. మన భాషని ఆపుతున్నట్టు కాగితం నా ముందుకి జరిపాడు. కారణం అన్నచోట ‘వాడుకరులు ఇంగ్లీషు వాడగలరు’ అని ముందే టైపు చేసి ఉంది.

సంతకం పెట్టనన్నాను.  తప్పు భాషది కాదు, నాది అని లేచి నిలబడి చెప్పాను. ఏ గొంతులు తీసేశానో, ఎందుకు తీసేశానో అందరి ముందూ చెప్పాను. ఆ ఎనభై మూడు ఎవరి చెవులతో వచ్చిందో కూడా చెప్పాను. అక్టోబరు మొదటికల్లా పెట్టెకి నేర్పడానికి అందిన పద్నాలుగు వేలలో తేలికైన రెండు వేలే టైపిస్టులు విన్నవనీ, మిగతా పన్నెండు వేలూ మంచం మీంచి వచ్చాయనీ చెప్పాను. మిగిలినవి కూడా వినేదాకా గడువు ఇవ్వమన్నాను. ఇవ్వకపోతే ఆ కారణం మార్చి, ‘మేము వినలేదు’ అని రాయమన్నాను. అప్పుడైతే సంతకం పెడతానన్నాను.

 నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పుడు పక్క భాష చూసే ఆవిడ, తొంభై రెండు వచ్చిందని ఎప్పుడూ తల ఎత్తుకు తిరిగే మనిషి, నెమ్మదిగా అంది: “మా అత్తగారు మా పెట్టెతో మాట్లాడటం మానేసి ఏడాదయింది. నేను కూడా తీసేశాను. ఎన్ని తీశానో లెక్క కూడా పెట్టలేదు.” ఆ తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత మేనేజర్ ఆ కాగితం వెనక్కి లాక్కున్నాడు.

ఒక ఏడాది ఇచ్చారు వదినా. ఏడాదే. వచ్చే నవంబరుకి ఎనభై ఐదు దాటకపోతే మళ్ళీ ఇదే బల్ల, ఇదే కాగితం. ఈసారి నేను వెనక్కి తగ్గనని వాళ్ళకీ తెలిసింది, నాకూ తెలిసింది. ప్రాంతాల పట్టీలో మన ప్రాంతం కూడా చేరింది.

కొత్తగా నేర్చుకున్నదాన్ని మొదట మీ ఇంటికే పంపుతున్నాను. ఎలక్ట్రీషియన్ చేత మంచానికి, ఫ్యానుకి, మిగతావాటికి తీగలు మళ్ళీ కలిపించండి. అన్నయ్యా, ముందు వారం రోజులు వదిన పక్కనుండగానే పరీక్షించు. ఎత్తు అంటే ఎత్తాలి, చాలు అంటే ఆగాలి. ఆగకపోతే నాకు ఫోన్ చెయ్యి. నువ్వు చెయ్యమంటే అది చెయ్యాలి. అది కూడా పరీక్షే.

మీ చెల్లి


ఇల్లు
డిసెంబరు 3

మరదలు పిల్లకి,

వారం రోజులు పరీక్షించాం. ఎత్తమంటే ఎత్తింది, చాలంటే ఆగింది. వందకి పది, పన్నెండు సార్లు ఇప్పటికీ వెర్రిమొహం వేస్తుంది, అప్పుడు మీ అన్నయ్య ఇంకోలా చెప్తాడు. ముప్పై రెండుసార్లు నాకు ఫోన్ చేయించాడు, నేను వంటింట్లో ఉండగానే. పోపు మాడిపోయింది.

నిన్న నిజంగా వదిలి వెళ్ళాను. గంటకోసారి తొంగిచూడొద్దని పిన్నిగారికి ఆయనే చెప్పేశాడు, అన్నం వేళకి వస్తే చాలట. నాకు డ్యూటీలో కాలు నిలవలేదు. ఒకాయన మోచేతికి బదులు మణికట్టు ఎక్స్-రే తీయబోయాను, ఆయనే చెయ్యి లాక్కుని సరిచేశాడు. ఫోన్ బల్ల మీద పెట్టుకుని పదే పదే చూశాను. మోగలేదు. మోగకపోవడం మంచికో చెడుకో తెలియక ఇంకా ఏడుపొచ్చింది. రెండున్నరకి చేతిసంచీ పట్టుకుని దాదాపు పరిగెత్తాను. దారిలో కూరగాయలు కూడా కొన్నాను. కంగారులో ఉన్నానని నాకు నేనే ఒప్పుకోవడం ఇష్టంలేక కొన్నట్టున్నాను.

గుమ్మం ముందుకొచ్చేసరికి రెండు చేతుల్లోనూ సంచులు. తాళంచెవి ఎక్కడో అడుగున ఉంది. ఏమనుకున్నానో ఏమో, మోచేత్తో గంట నొక్కాను. నొక్కాక గానీ తెలియలేదు ఏం చేశానో. ఈ ఇంటి తలుపు రెండేళ్ళుగా నేనే తాళం వేసుకుని వెళ్తున్నాను, నేనే తాళం తీసుకుని వస్తున్నాను. లోపల లేచి వచ్చేవాళ్ళెవరున్నారని గంట కొట్టాను?

లోపల్నుంచి ‘ఎవరూ?’ అని వినబడింది.

నేనే అన్నాను.

‘నేనే అంటే?’ అన్నాడు.

ఎలక్ట్రీషియన్ తలుపు తాళం గడియకి కూడా తీగ కలిపాడట. నాకు చెప్పొద్దన్నాడట. నేను నోరు విప్పేలోపు మీ అన్నయ్య లోపల ఒక్క మాట అన్నాడు, గడియ టక్కుమంది, తలుపు దానంతటదే తెరుచుకుంది. నేను సంచులతో సహా గుమ్మంలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆయన మంచం కాస్త ఎత్తించుకుని, నా వైపు చూస్తూ ఊపిరి తెచ్చుకున్నాడు.

‘లోపలికి వస్తావా...’ అన్నాడు. మళ్ళీ ఊపిరి తెచ్చుకున్నాడు. ‘తలుపు వెయ్యమననా?’

వదిన